గీతలో సంయమనం, గడిలో నిరీక్షణ: చార్లెస్ షుల్జ్ ‘పీనట్స్’ చిత్రణశైలి – పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికన్ చిత్రకారుడు చార్లెస్ షుల్జ్ గీసిన ‘పీనట్స్’ కామిక్ స్ట్రిప్ 1950 అక్టోబరు 2 నుంచి 2000 ఫిబ్రవరి 13 వరకు దినపత్రికలలో వెలువడింది. ఈ స్ట్రిప్ పొందిన జనాదరణకు కారణం బొమ్మల సరళత అని సాధారణంగా చెబుతారు. వివరాలు తక్కువగా ఉన్న ముఖంలో ఏ పాఠకుడైనా తనను తాను చూసుకొంటాడన్నది ఆ వివరణకు మూలం. ఇది సగం నిజమేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాఠకుని ఆత్మీయతకు కారణం ముఖంలోని శూన్యత కాదనీ, అతి కొద్ది గీతలలో సాధించిన కచ్చితత్వం, నాలుగు గడుల లయ, పరిష్కారాన్ని నిరాకరించే పునరుక్తి కలిసి ఆ ఆత్మీయతను నిర్మించాయనీ ఇందులో ప్రతిపాదించడమైనది. ఆ ‘శూన్యత’ తటస్థమైనది కాదన్న సంగతిని ఫ్రాంక్లిన్ పాత్ర చిత్రణ ఆధారంగా చర్చించడమైనది.

కీలకపదాలు: కామిక్ స్ట్రిప్, రేఖాచిత్రణ, చార్లెస్ షుల్జ్, ముక్తకం, మకుటం, ధ్వని, బుడుగు.

1. ఉపోద్ఘాతం

దినపత్రికలో వచ్చే కామిక్ స్ట్రిప్‌ను సాహిత్య విమర్శ చాలాకాలం పట్టించుకోలేదు, చిత్రకళా విమర్శ కూడా పట్టించుకోలేదు. బొమ్మ ఉంది కనుక అది తమది కాదని సాహితీవేత్తలు, మాట ఉంది కనుక తమది కాదని చిత్రకళా విమర్శకులు అనుకొన్నారు. ఉదయం చదివి సాయంత్రానికి పొట్లం కట్టే కాగితం మీద అచ్చయ్యే కళ కావడం మరొక కారణం. ఈ ఉపేక్షకు లోనైనా శాశ్వతంగా నిలిచిన రచనలలో ‘పీనట్స్’ ప్రధానమైనది. దాదాపు యాభై సంవత్సరాలలో 17,897 స్ట్రిప్పులను ఒక్కరే రాసి, గీసి, అక్షరాలు కూడా తానే దిద్దిన షుల్జ్ కృషికి పత్రికా చిత్రకళలో సాటి రాగలవి అరుదు.

షుల్జ్ 1922లో మినియాపొలిస్‌లో జన్మించారు. తండ్రి క్షురకవృత్తిలో జీవించారు. సెయింట్ పాల్ నగరంలో పెరిగిన షుల్జ్ తపాలా ద్వారా చిత్రకళ నేర్పే పాఠశాలలో మొదట విద్యార్థిగా, రెండవ ప్రపంచయుద్ధంలో సైనికునిగా పనిచేసి వచ్చిన తరువాత బోధకునిగా ఉన్నారు. 1947 నుంచి 1950 వరకు సెయింట్ పాల్ పత్రికలో ‘లిల్ ఫోక్స్’ పేరుతో పిల్లల బొమ్మలు గీశారు. అనంతరం యునైటెడ్ ఫీచర్ సిండికేట్ ద్వారా ఏడు పత్రికలలో ‘పీనట్స్’ మొదలైంది. ఆ పేరు సిండికేట్ పెట్టినది. వేరుశెనగ గింజలంత అల్పమైనవన్న అర్థం స్ఫురించే ఆ పేరును షుల్జ్ చివరిదాకా ఇష్టపడలేదు.

కథావస్తువు చాలా కొద్ది. చార్లీ బ్రౌన్ అనే పిల్లవాడు, స్నూపీ అనే అతని కుక్క, గయ్యాళితనం గల లూసీ, దుప్పటి వదలని ఆమె తమ్ముడు లైనస్, బొమ్మ పియానో మీద బీథోవెన్ సంగీతం వాయించే ష్రోడర్, మరికొందరు పిల్లలు ఇందులోని పాత్రలు. చార్లీ ఆడే బేస్‌బాల్ జట్టు గెలవదు. అతని గాలిపటం చెట్టుకు చిక్కుకొంటుంది. అతడు ప్రేమించే ఎర్రజుట్టు అమ్మాయితో మాట్లాడే ధైర్యం అతనికి రాదు. ఇంత పరిమితమైన వస్తువు అర్ధశతాబ్దం పాటు కోట్లమంది పాఠకులను ఎలా నిలుపుకొన్నదన్న ప్రశ్నకు సమాధానాన్ని మొదట గీతలో వెతకాలి.

2. స్థలసంకోచం నుంచి శైలీ నిర్మాణం

యుద్ధకాలపు కాగితం కొరత తరువాత అమెరికన్ పత్రికలలో కామిక్ స్ట్రిప్‌కు కేటాయించే స్థలం తగ్గింది. ‘పీనట్స్’ను స్థలం ఆదా చేసే స్ట్రిప్‌గానే సిండికేట్ పత్రికలకు అమ్మింది. దినసరి స్ట్రిప్‌లో సమాన పరిమాణం గల నాలుగు గడులు ఉండాలి. సంపాదకుడు వాటిని తన వీలును బట్టి అడ్డంగా ఒకే వరుసలో వేయవచ్చు, రెండేసి చొప్పున చతురస్రంగా అమర్చవచ్చు, ఒకదాని కింద ఒకటిగా నిలువునా పేర్చవచ్చు. ఈ నిబంధన వలన ఒక గడిని వెడల్పు చేయడానికి గాని, ఒక దృశ్యాన్ని రెండు గడులకు విస్తరింపజేయడానికి గాని చిత్రకారునికి అవకాశం లేదు. ఈ నియమం 1988 వరకు కొనసాగింది.

అదే కాలంలో మిల్టన్ కానిఫ్ కుంచెతో దట్టమైన వెలుగునీడలు సృష్టిస్తూ సాహసకథలు గీస్తున్నారు. వాల్ట్ కెల్లీ ‘పోగో’లో చిత్తడినేలల చెట్టూచేమా అన్నిటినీ పుష్కలమైన కుంచెగీతలతో నింపుతున్నారు. ఆ శైలులకు స్థలం కావాలి. షుల్జ్ స్థలం లేదన్న పరిస్థితిని ఆధారం చేసుకొని శైలిని నిర్మించుకొన్నారు. ఆయన గడిలో భూమిరేఖ కిందుగా ఉంటుంది. దృష్టికోణం పిల్లల కంటి ఎత్తులోనే ఉంటుంది. పైనుంచి కిందికి చూసే పెద్దల చూపు దాదాపు ఎక్కడా కనిపించదు. లోతును సూచించే దూరదృశ్యాలు తక్కువ. ఒక ఇటుకగోడ, ఒక కాలిబాట అంచు, నాలుగు పోచల గడ్డి, ఒక చెట్టుమొదలు మాత్రమే ఆ లోకాన్ని నిర్మిస్తాయి.

ఈ లోకంలో పెద్దలు కనిపించరు. 1954లో వచ్చిన కొన్ని ఆదివారం స్ట్రిప్పులలో గోల్ఫ్ పోటీ దగ్గర పెద్దలు కనిపించడం అరుదైన అపవాదం. పెద్దలు లేకపోవడాన్ని కథాపరమైన నియమంగానే చూడడం పరిపాటి. అయితే ఇది చిత్రనిర్మాణానికి కూడా అవసరమైన నియమం. పిల్లల కంటి ఎత్తులో అమర్చిన గడిలోకి పెద్దమనిషి వస్తే అతని మోకాళ్లు మాత్రమే కనిపిస్తాయి, లేదా పిల్లలు చుక్కలంత చిన్నవాళ్లయిపోతారు. పెద్దలను తొలగించడం వల్ల పిల్లల పరిమాణమే లోకానికి కొలమానమైంది. వారి బాధలు చిన్నవిగా కనిపించకపోవడానికి ఇది ముఖ్యమైన కారణం.

3. ముఖరేఖల పొదుపు – కచ్చితత్వం

చార్లీ బ్రౌన్ ముఖంలో ఉన్నవి ఇవి: దాదాపు వృత్తాకారమైన పెద్ద తల, కళ్లకు రెండు చుక్కలు, ముక్కుకు ఒక వంపు, నోటికి ఒక గీత, నుదుటి మీద మెలికతిరిగిన ఒక వెంట్రుక పాయ, చెవులు. శరీరం తలకంటే చిన్నది. చేతులు ఎంత పొట్టివంటే వాటిని ఎత్తినా నడినెత్తిని అందుకోవు. ఈ శరీర నిర్మాణం వల్ల పాత్రలకు భారీ అభినయం సాధ్యం కాదు. కనుక ఆంగికమంతా ముఖంలోకీ, నిలబడే తీరులోకీ, ఇద్దరి మధ్య ఉన్న దూరంలోకీ చేరుతుంది.

భావప్రకటన సూక్ష్మమైన మార్పుల ద్వారా జరుగుతుంది. కంటిచుక్కలకు ఇరువైపులా చిన్న వంపుగీతలు చేరితే ఆందోళన. నోటిగీత అల వలె వంకరపోతే అవమానం, లేదా ఏడుపును ఆపుకోవడం. తల వెనక్కి వాలి నోరంతా నల్లని గుహగా తెరుచుకొంటే ఆక్రోశం. భరతుడు చెప్పిన వ్యభిచారి భావాలలోని దైన్యం, గ్లాని, వ్రీడ, శంక అనేవాటిని మూడు నాలుగు మిల్లీమీటర్ల సిరాగీత మార్పులతో వేరువేరుగా గుర్తించేలా చేయడం షుల్జ్ సాధించిన నైపుణ్యం. నోటిగీత కాస్త పొడవైతే దైన్యం కాస్తా వెటకారమవుతుంది. గీతలు తగ్గినకొద్దీ ప్రతి గీత మీదా భారం పెరుగుతుంది.

ఆయన వాడిన పాళీ ఎస్టర్‌బ్రుక్ కంపెనీ తయారుచేసిన 914 రేడియో రకానికి చెందినది. ఆ తయారీ నిలిచిపోతున్నదని తెలిసి మిగిలిన నిల్వను ఆయన కొనిపెట్టుకొన్నారు. వత్తిడిని బట్టి సన్నగాను లావుగాను సాగే ఆ పాళీగీత ఆయన శైలికి ప్రాణం. వాన కురిసే స్ట్రిప్పులలో ఈ విషయం స్పష్టమవుతుంది. ఆట ఆగిపోయి అందరూ ఇళ్లకు వెళ్లిన తరువాత కూడా బంతి విసిరే దిబ్బ మీద చార్లీ ఒక్కడే నిలబడి ఉంటాడు. గడి అంతటా దగ్గరదగ్గరగా పాళీగీతల వాన. ముఖంలో ఉన్నవి ఐదారు గీతలు, వానలో ఉన్నవి లెక్కలేనన్ని. ఆ అసమానతే ఆ బొమ్మకు భావం.

సరళత షుల్జ్ అశక్తత కాదని చెప్పడానికి ష్రోడర్ స్ట్రిప్పులు నిదర్శనం. ష్రోడర్ వాయించే పియానో పిల్లల ఆటవస్తువు. దాని నల్లమెట్లు రంగుతో వేసినవి మాత్రమే. కాని అతని తలపైన గాలిలో తేలే స్వరలిపి బీథోవెన్ రచనల నుంచి శ్రద్ధగా ఎక్కించిన నిజమైన స్వరలిపి. పియానోను పదిగీతలలో ముగించిన చెయ్యి స్వరలిపిని ఒక్కొక్క చుక్కగా దిద్దింది. ఎక్కడ విడిచిపెట్టాలో, ఎక్కడ విడిచిపెట్టరాదో చిత్రకారునికి తెలుసుననడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఇక్కడ స్కాట్ మెక్‌క్లౌడ్ ప్రతిపాదనను పరిశీలించాలి. 1993లో వెలువడిన ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ గ్రంథంలో ఆయన, వివరాలు తగ్గినకొద్దీ బొమ్మముఖం ఎక్కువమందికి వర్తిస్తుందనీ, పాఠకుడు ఆ ముఖంలోకి తానే ప్రవేశిస్తాడనీ ప్రతిపాదించారు. కామిక్స్ అధ్యయనంలో ఇది ప్రభావం చూపిన సిద్ధాంతం. అయితే సరళతే కారణమైతే రెండు చుక్కలూ ఒక గీతా ఉన్న ప్రతి వృత్తమూ మనలో ఇంతే ఆత్మీయతను కలిగించాలి. అలా జరగదు. చార్లీ మనకు ఆప్తుడయ్యేది అతడు ‘ఎవరైనా’ కాగలడు కనుక కాదు, ప్రత్యేకించి అతడే కనుక. ఓడిపోతానని తెలిసీ మరునాడు మైదానానికి వచ్చే అతని స్వభావాన్ని మనం గుర్తుపడతాం. గుర్తుపట్టడం వేరు, ఖాళీలోకి ప్రవేశించడం వేరు. స్నూపీ బొమ్మ ముద్రించిన వస్తువులు ప్రపంచమంతటా అమ్ముడుపోయాయి. వాటిలో కూడా ఆ సరళమైన ముఖమే ఉంది. కాని ఆ వస్తువు ముచ్చట గొలుపుతుందే తప్ప స్ట్రిప్ కలిగించే వ్యథను కలిగించదు. వస్తువులో లేనిదీ, స్ట్రిప్‌లో ఉన్నదీ కాలం. కనుక ముఖం నుంచి గడుల వరుసకు రావాలి.

4. నాలుగు గడుల లయ

1950 అక్టోబరు 2నాటి మొదటి స్ట్రిప్‌నే తీసుకొందాం. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కూర్చొని ఉంటారు. దూరం నుంచి చార్లీ బ్రౌన్ వస్తున్నాడు. అబ్బాయి అతన్ని చూసి మంచివాడంటూ మెచ్చుకొంటాడు. రెండవ గడిలో చార్లీ వారి ముందునుంచి సాగిపోతాడు. మూడవ గడిలో అతడు లేడు, మెప్పు మాత్రం మరొకసారి వినిపిస్తుంది. నాలుగవ గడిలో ఆ అబ్బాయే తనకు వాడంటే ఎంత అసహ్యమో ప్రకటిస్తాడు.

ఇందులో హాస్యానికి మూలం చివరి మాట అనుకోవడం సహజం. కాని దాన్ని సాధ్యం చేసింది మూడవ గడి. చార్లీ దాటిపోయిన తరువాత కూడా మెప్పు కొనసాగడంతో అది నిజమేనని పాఠకుడు నమ్ముతాడు. మూడుసార్లు ఒకే తీరున నడిచి నాలుగవసారి విరగడం ఈ నిర్మాణ రహస్యం. మూడు పాదాలలో లోకవృత్తాన్ని చెప్పి నాలుగవ పాదంలో మకుటంతో ముగించే ఆటవెలది నడకకు అలవాటుపడిన తెలుగు పాఠకునికి ఈ లయ కొత్తది కాదు. అయితే వేమన పద్యంలో మకుటం స్థిరపరుస్తుంది, షుల్జ్ నాలుగవ గడి కూలదోస్తుంది.

తరువాతి దశాబ్దాలలో షుల్జ్ ఈ లయను మరింత సూక్ష్మం చేశారు. ఇటుకగోడకు మోచేతులు ఆనించి చార్లీ, లైనస్ మాట్లాడుకొనే స్ట్రిప్పులలో నాలుగు గడుల చిత్రరచన దాదాపు ఒకటే. మారేది తల తిరిగిన దిశ, కంటిచుక్క ఉన్న చోటు మాత్రమే. 1959లో మొదలైన లూసీ ‘మానసిక వైద్యం’ బల్ల కూడా ఇటువంటిదే. ఐదు సెంట్లు తీసుకొని సలహా చెప్పే ఆ బల్లకు ఇటు చార్లీ, అటు లూసీ. బొమ్మ కదలకపోవడం వల్ల మాట వినిపిస్తుంది. ముఖ్యంగా మాటలు లేని ఒక గడిని నడుమ ఉంచడం షుల్జ్ ప్రత్యేకత. చార్లీ విన్నదాన్ని జీర్ణించుకొనే ఆ క్షణంలో పాఠకుడు కూడా నిరీక్షిస్తాడు. సమాన పరిమాణం గల గడులు కనుక ఆ మౌనానికి మాటతో సమానమైన కాలం దక్కుతుంది. వ్యాపార ప్రయోజనం కోసం విధించిన నియమం ఈ విధంగా ఛందస్సుగా మారింది. 1988 తరువాత గడుల సంఖ్యను, వెడల్పును మార్చుకొనే స్వేచ్ఛ వచ్చింది. వెడల్పైన గడులలో నిశ్శబ్దమైన మంచి దృశ్యాలు కొన్ని వచ్చినా, పాత స్ట్రిప్పుల బిగువు కొంత సడలిందని అంగీకరించాలి.

5. ముక్తకం, మకుటం: పునరుక్తి ప్రయోజనం

దినసరి స్ట్రిప్ స్వభావరీత్యా ముక్తకం. నిన్నటిది చదవనివానికి కూడా నేటిది అర్థం కావాలి. అదే సమయంలో రోజూ చదివేవానికి ఇవన్నీ ఒకే కావ్యంగా భాసించాలి. అమరుకుని ముక్తకాలలో ఒక్కొక్కటి ప్రబంధంతో సమానంగా రసస్యందియని ఆనందవర్ధనుడు భావించాడు. చెప్పని పూర్వాపరాలను సహృదయుడు ఊహించుకోవడం వల్లనే అది సాధ్యం. ‘పీనట్స్’లో ఆ పూర్వాపరాలను సమకూర్చేది పునరుక్తి. శతకంలో భిన్నపద్యాలను మకుటం ఒకటిగా కట్టినట్లు, ఇక్కడ చార్లీ పరాజయం వేలాది స్ట్రిప్పులను ఒకటిగా కడుతుంది.

ఫుట్‌బాల్ ఘట్టం దీనికి ఉత్తమోదాహరణ. బంతిని నేలమీద నిలిపి పట్టుకొంటానని ఒకరు చెప్పడం, చార్లీ పరుగెత్తి వచ్చి తన్నబోయే క్షణంలో బంతిని లాగివేయడం, అతడు గాలిలోకి ఎగిరి వెల్లకిలా పడడం ఇందులోని వస్తువు. 1951లో మొదటిసారి ఆ పని చేసింది వయొలెట్ అనే అమ్మాయి. 1952 నుంచి అది లూసీ వంతైంది. తరువాత ఇంచుమించు ఏటేటా వచ్చింది. ప్రతిసారీ చార్లీని నమ్మించడానికి లూసీ చేసే వాదన కొత్తది, పడిపోవడం మాత్రం పాతది. చివరి గడిలో చార్లీ నేలమీద అడ్డగీతగా, లూసీ అతని పైన నిలువుగీతగా ఉంటారు. పాఠకుడు ఫలితం తెలియక చదవడు, తెలిసే చదువుతాడు. చార్లీ కూడా తెలిసే పరుగెత్తుతాడు. అందువల్ల అతని పరుగు అమాయకత్వం కాదు, విశ్వసించాలన్న నిర్ణయం. హాసం స్థాయిగా ఉన్న ఈ ఘట్టం అడుగున కరుణ ధ్వనించడానికి కారణం ఇదే.

చివరిసారి ఈ ఘట్టం 1999 అక్టోబరులో వచ్చింది. లూసీని ఇంట్లోకి పిలవడంతో ఆమె బంతిని తమ్ముడు రీరన్‌కు అప్పగించి వెళుతుంది. ఏం జరిగిందో ఆమె తరువాత అడిగితే రీరన్ చెప్పడు. మనకూ తెలియదు. యాభై ఏళ్ల నిరీక్షణకు షుల్జ్ విజయాన్నీ ఇవ్వలేదు, పరాజయాన్నీ ఇవ్వలేదు. దీనితో 1993లో చార్లీ బేస్‌బాల్‌లో హోమ్‌రన్ కొట్టి జట్టును గెలిపించిన ఘట్టాన్ని పోల్చి చూడవచ్చు. అది సంతోషం కలిగిస్తుంది, కాని వెంటనే కరిగిపోతుంది. పరిష్కరించిన ఘట్టం కంటే పరిష్కరించని ఘట్టమే గుర్తుండిపోయింది.

చూపకుండా చెప్పడం ఈ స్ట్రిప్‌లో అన్నిచోట్లా కనిపించే పద్ధతి. ఎర్రజుట్టు అమ్మాయి ముఖాన్ని దినసరి స్ట్రిప్‌లో ఏనాడూ చూపలేదు. స్నూపీ ఇంటిని తరువాతి కాలంలో పక్కనుంచి మాత్రమే గీశారు. లోపల ఏమున్నదో పాత్రల మాటల ద్వారానే తెలుస్తుంది. అందులో వాన్ గో చిత్రం ఉందని, ఆ ఇల్లు కాలిపోయిన తరువాత దాని స్థానంలో ఆండ్రూ వైయత్ చిత్రం వచ్చిందని వింటాం. బొమ్మల కళలో బొమ్మగా గీయనిదే అధికంగా పనిచేయడం విశేషం. ఉంబెర్తో ఎకో 1960లలో ఈ స్ట్రిప్ గురించి రాసినప్పుడు, పెద్దల లోకంలోని వేదనలన్నీ ఈ పిల్లలలో కనిపించడమే దీని కవిత్వమని గుర్తించారు. ఆ వేదనలు బరువెక్కి కూలిపోకుండా ఆపింది ఈ వ్యంగ్యమర్యాద అని దానికి చేర్చవచ్చు.

6. తెల్లకాగితం ఎవరి చర్మం?

పైన చెప్పిన ప్రశంస అంతా ఒక ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంది. సరళమైన ముఖం అందరిదీ అనే వాదన ఎంతవరకు నిలుస్తుంది? 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన కొద్ది రోజులకు లాస్ ఏంజెలెస్ ప్రాంతపు ఉపాధ్యాయురాలు ఒకరు షుల్జ్‌కు ఉత్తరం రాశారు. ఈ పిల్లల గుంపులో ఒక నల్లజాతి పిల్లవానికి చోటివ్వవలసిందని కోరారు. తాను అలా చేస్తే దయచూపినట్లు ఉంటుందేమోనని షుల్జ్ మొదట సంకోచించారు. ఉత్తరప్రత్యుత్తరాల తరువాత 1968 జులై 31న ఫ్రాంక్లిన్ ప్రవేశించాడు. సముద్రతీరంలో చార్లీ పోగొట్టుకొన్న బంతిని తెచ్చి ఇవ్వడంతో వారి పరిచయం మొదలవుతుంది. ఫ్రాంక్లిన్ తండ్రి వియత్నాంలో ఉన్నాడని ఆ సంభాషణలోనే తెలుస్తుంది. తెల్లపిల్లలతో కలిసి బడిలో అతన్ని చూపడానికి దక్షిణాది నుంచి అభ్యంతరం వచ్చినా షుల్జ్ తలవంచలేదు. ఆనాటి పరిస్థితులలో ఇది చిన్న విషయం కాదు.

అయితే చిత్రణశైలి దృష్టితో చూస్తే ఇక్కడ ఒక నిజం బయటపడుతుంది. నలుపు–తెలుపు దినసరి స్ట్రిప్‌లో ఫ్రాంక్లిన్ ముఖం మీద షుల్జ్ సన్నని ఏటవాలు గీతలు నింపవలసి వచ్చింది. మిగిలిన పిల్లల ముఖాలకు గీతలు అక్కరలేదు. కాగితపు తెలుపే వారి చర్మం. అంటే పద్దెనిమిదేళ్లుగా ‘ఏమీ గీయని’ ముఖంగా, అందరికీ వర్తించే శూన్యంగా కనిపించినది నిజానికి ఒక జాతి ముఖం. ఫ్రాంక్లిన్ వచ్చేవరకు ఆ సంగతి కనిపించకపోవడమే శూన్యతా సిద్ధాంతంలోని లోపం. గీయకపోవడం కూడా ఒక ఎంపిక. ఆ ఎంపికలో ఎవరిని సహజంగా భావించారో, ఎవరిని చేర్పుగా భావించారో దాగి ఉంటుంది.

పాత్రచిత్రణలో కూడా ఇదే తేడా ఉంది. ఈ స్ట్రిప్‌లో ప్రతి పాత్రా తన లోపం వల్ల ఆప్తమవుతుంది. చార్లీకి ఆత్మన్యూనత, లైనస్‌కు దుప్పటి, లూసీకి అహంకారం, పిగ్‌పెన్‌కు దుమ్ము ఉన్నాయి. ఫ్రాంక్లిన్‌కు లోపం లేదు. అతడు మర్యాద తెలిసినవాడు, నిదానస్తుడు, తాతయ్య మాటలు తలచుకొనేవాడు. అపహాస్యం అవుతుందన్న భయంతో అతనికి షుల్జ్ ఏ బలహీనతనూ ఇవ్వలేదని ఊహించవచ్చు. ఆ జాగ్రత్త వెనుక ఉన్న గౌరవాన్ని కాదనలేం. కాని లోపమే బంధుత్వానికి గుర్తు అయిన ఇంట్లో లోపం లేనివాడు అతిథిగానే మిగిలిపోతాడు. ‘పీనట్స్’ను ఇష్టపడే విమర్శకుడు ఈ మాటను దాటవేయకూడదు.

7. వణికిన గీత

1981లో గుండెకు శస్త్రచికిత్స జరిగిన తరువాత షుల్జ్ చేతికి వణుకు వచ్చింది. 1950లలోని నున్నని వంపులు, 1960, 70లలోని ధైర్యమైన గీతలు క్రమంగా అదురుతూ సాగే గీతలుగా మారాయి. ఎంతో ప్రఖ్యాతి, సంపద ఉన్నా ఆయన ఆ గీతను సహాయకునికి అప్పగించలేదు. తన తరువాత మరొకరు ఈ స్ట్రిప్‌ను కొనసాగించకూడదన్నది కూడా ఆయన నిర్ణయమే. అందుకే నేటికీ పత్రికలలో వచ్చేవి పాత స్ట్రిప్పుల పునర్ముద్రణలే.

వణికిన గీతను సానుభూతితో మెచ్చుకోవడం సులభం, కాని విమర్శకు అది చాలదు. చివరి దశలోని స్ట్రిప్పులు కొన్ని పలుచనైనవే. అయినా ఒక విషయం గమనించదగింది. తొలినాళ్లలో వంకరగీత చార్లీ నోటికి మాత్రమే పరిమితమైన భావచిహ్నం. చివరి రెండు దశాబ్దాలలో స్నూపీ వీపు, ఇటుకగోడ, గడ్డిపోచ అన్నీ అదే విధంగా కంపించాయి. గీతలు ఎక్కువ ఉన్న శైలి అయితే ఆ వణుకు గుంపులో కలిసిపోయేది. ఇక్కడ దాక్కోవడానికి చోటు లేదు. సంయమనానికి చెల్లించవలసిన మూల్యం ఇది. చేతికి ఏం జరిగిందో గీత దాచలేదు. 2000 జనవరి 3న చివరి దినసరి స్ట్రిప్ వచ్చింది. ఫిబ్రవరి 12 రాత్రి షుల్జ్ మరణించారు. వీడ్కోలు పలికిన చివరి ఆదివారం స్ట్రిప్ మరునాడు ఉదయం పత్రికలలో అచ్చయింది.

8. బుడుగుతో ఒక పోలిక

తెలుగులో ఇటువంటి చర్చ వచ్చినప్పుడు 1950లలోనే వెలసిన ‘బుడుగు’ గుర్తుకు రావడం సహజం. ముళ్లపూడి వెంకటరమణ రచన, బాపు బొమ్మలు. అది కామిక్ స్ట్రిప్ కాదు, బొమ్మలతో కూడిన గద్యం. ఒకదాని ప్రభావం మరొకదాని మీద ఉన్నదని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఇద్దరు పిల్లలనూ పక్కపక్కన నిలిపితే షుల్జ్ ఎంపికలు మరింత స్పష్టమవుతాయి.

బుడుగు పిల్లవాడి భాషలో మాట్లాడుతాడు. ‘పీనట్స్’ పిల్లలు పెద్దల భాషలో మాట్లాడుతారు. బుడుగు చుట్టూ బామ్మ, బాబాయి, రెండుజెళ్ల సీత, పక్కింటివాళ్లు కిక్కిరిసి ఉంటారు. హాస్యమంతా పెద్దల నడవడిని పిల్లవాడు తన తర్కంతో చదవడంలో ఉంది. చార్లీ చుట్టూ పెద్దలు లేరు, చూడడానికి అతనికి తన మనస్సు తప్ప వేరే లోకం లేదు. బుడుగుకు ఓటమి తెలియదు, చార్లీకి గెలుపు తెలియదు. బాపు గీత ఒంపులు తిరుగుతూ, జడకుచ్చునూ చీరకుచ్చెళ్లనూ పలకరిస్తూ పరుగెత్తుతుంది. షుల్జ్ గీత ఆగి ఆగి, తగ్గి తగ్గి నడుస్తుంది. ఒకటి ఉమ్మడి ఇంటి సందడిలో పుట్టిన గీత, రెండవది శివారు వీధుల ఒంటరితనంలో పుట్టిన గీత. రెండూ కొద్ది గీతల కళలే అయినా, పొదుపు ఒకేచోటికి చేర్చదు. కనుక ‘సరళత’ అన్న మాట శైలికి పేరు మాత్రమే, వివరణ కాదు.

9. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు. పత్రికాస్థల సంకోచం విధించిన నాలుగు గడుల నియమాన్ని షుల్జ్ ఛందోనియమంగా మార్చుకొన్నారు. ముఖంలోని గీతలను తగ్గించి, మిగిలిన ప్రతి గీతకూ భావప్రకటన భారాన్ని అప్పగించారు. పునరుక్తిని మకుటంగా వాడి, విడివిడి ముక్తకాలను ఒక దీర్ఘకావ్యంగా అనుసంధించారు. పరిష్కారాన్ని ఇవ్వకపోవడం ద్వారా హాస్యం అడుగున కరుణను నిలిపారు. కాబట్టి ఈ స్ట్రిప్ ఆకర్షణను సార్వజనీనమైన శూన్యముఖానికి ఆపాదించడం సమంజసం కాదు. ఆ శూన్యత తటస్థం కాదని ఫ్రాంక్లిన్ ముఖం మీది ఏటవాలు గీతలు చెబుతున్నాయి.

తెలుగు పత్రికల వ్యంగ్యచిత్రాలనూ, బొమ్మలకథలనూ అధ్యయనం చేసేవారికి ఈ పరిశీలన ఒక పద్ధతిని సూచించగలదు. చిత్రకారునికి పత్రిక ఎంత చోటు ఇచ్చింది, అందులో అతడు ఏ గీతను ఉంచి దేన్ని విడిచాడు, ఏమీ గీయకుండా వదిలిన తావులో ఎవరు సహజంగా ఇమిడిపోయారు, ఎవరిని ప్రత్యేకంగా గీయవలసి వచ్చింది అన్న ప్రశ్నలను మన బొమ్మల విషయంలో కూడా అడగవలసి ఉంది. కులం, ప్రాంతం, స్త్రీపురుష భేదం మన వ్యంగ్యచిత్రాలలో ఏ గీతల ద్వారా గుర్తుకు వస్తున్నాయో, ఏ ముఖం గీతలు అక్కరలేని ‘మామూలు’ ముఖంగా చెలామణి అవుతున్నదో పరిశీలించే అధ్యయనాలకు ఇంకా చాలా అవకాశం ఉంది.